ఫ్యాక్టరీకో కవల

1927 మే నెలాఖరులో అమెరికాలో ఒక విచిత్రం జరిగింది. అప్పటికి కోటిన్నర 'మోడల్ టి' కార్లు తయారుచేసిన హెన్రీ ఫోర్డు ఆ కారు తయారీని ఒక్కసారిగా ఆపేశాడు. ఆయన కొత్త కారు 'మోడల్ ఎ' జనం కంటబడింది డిసెంబరులో. మధ్యలో ఆరు నెలలు గడిచిపోయాయి. సమ్మె జరగలేదు, ముడి సరుకుకు కొరత రాలేదు, ఫ్యాక్టరీ తగలబడలేదు. ఒక రకం కారు మాని మరో రకం కారు చేయాలనుకున్నాడు, అంతే!

దానికి ఆరు నెలలు ఎందుకు? మీకు రావలసిన సందేహమే. జవాబు కోసం ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి. 1913లో ఫోర్డు తన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే బిగింపు వరసను, అదే అసెంబ్లీ లైనును, నెలకొల్పాడు. అంతకు ముందు ఒక కారు చాసిస్ బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది. వరస చక్కగా కుదిరాక ఆ పని గంటా ముప్పైమూడు నిమిషాలకు దిగింది. మనిషి కారు దగ్గరికి నడవడం మాని, కారే మనిషి దగ్గరికి రావడంలో ఉంది కిటుకు. ఒక్కొక్కరికి ఒక్కటే పని, ఒక్కొక్క యంత్రానికీ ఒక్కటే పని. ఆ యంత్రాన్ని మోడల్ టి ఇంజను కోసమే చేశారు కాబట్టి దానికి ఇంకో ఇంజను తెలియదు. కారు మారిందంటే యంత్రాలు మారాలి, వాటి వరస మారాలి, మనుషుల నిలువు చోట్లు మారాలి. అంత వేగమూ ఒకే దారిలో పరుగెత్తే రైలు వేగం. పట్టాలు పీకి మళ్లీ వేస్తే తప్ప అది పక్కకు తిరగదు.

ఈ ఆరు నెలల కథ మీకు గుర్తుండాలి. ఎందుకంటే ఈరోజు కార్ల ఫ్యాక్టరీకి ఆరు నెలలు కాదు గదా, ఆరు నిమిషాలు ఆగే తీరిక కూడా లేదు.

ఒక చిన్న లెక్క చేయండి. ఒక కంపెనీ ఒకే పేరుతో ఒక కారు అమ్ముతోంది. రంగులు ఎనిమిది, ఇంజన్లు మూడు రకాలు, సీట్లు నాలుగు రకాలు. పైకప్పుకు కిటికీ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. స్టీరింగు మన దేశానికైతే కుడివైపు, కొన్ని దేశాలకు ఎడమవైపు. 8×3×4×2×2 = 384. అంటే పేరు ఒకటే అయినా 384 రకాల కార్లు! పాటల పెట్టెలు మూడు రకాలు పెడితే 1,152. ఇవన్నీ ఒకే వరస మీద, ఒకదాని వెనక ఒకటి రావాలి. మన శ్రీ సత్యసాయి జిల్లాలో పెనుకొండ దగ్గర ఉన్న కియా ఫ్యాక్టరీనే తీసుకోండి. అక్కడ 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. సెల్టాస్, సోనెట్, కారెన్స్, ఇలా వేర్వేరు పేర్ల కార్లు ఆ ఒక్క ఆవరణ నుంచే బయటికి వస్తాయి. ఫోర్డు గనక ఇది చూస్తే ముక్కున వేలేసుకునేవాడు.

వరసకు ఈ ఒడుపు నేర్పినవాళ్లలో జపాను ఇంజనీరు షిగియో షింగో ఒకడు. 1969లో టొయోటా కంపెనీలో వెయ్యి టన్నుల ప్రెస్సు ఒకటి ఉండేది. ఉక్కు రేకును నొక్కి కారు భాగాలు చేసే యంత్రం అది. దానిలో ఒక అచ్చు తీసి ఇంకో అచ్చు పెట్టడానికి నాలుగు గంటలు పట్టేది. షింగో దాన్ని ముందు గంటన్నరకు తెచ్చాడు, ఆ తర్వాత మూడు నిమిషాలకు తెచ్చాడు. మంత్రమేమీ లేదు. యంత్రం ఆగితే తప్ప చేయలేని పనులేవి, యంత్రం నడుస్తుండగానే చేసి పెట్టుకోగల పనులేవి అని వేరుచేశాడు. నూనె కాగాక ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టే వంటవాడికీ, అన్నీ తరిగి పెట్టుకుని పొయ్యి వెలిగించే వంటవాడికీ ఉన్న తేడా అదే. ఈ మొత్తం వ్యవహారంలో కంప్యూటరు లేదని గమనించారా? ఈ సంగతితో మనకు తర్వాత పని ఉంది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఈమధ్య ఫ్యాక్టరీల గురించి ఎక్కడ విన్నా 'డిజిటల్ ట్విన్' అనే మాట వినబడుతోంది. మనం దాన్ని డిజిటల్ కవల అందాం. 2002లో అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయంలో మైకేల్ గ్రీవ్స్ అనే ఆయన ఈ ఊహను ముందుపెట్టాడు. దానికి ఆ పేరు పెట్టింది నాసాలో పనిచేసిన జాన్ వికర్స్. నిజమైన యంత్రం ఒకటి ఫ్యాక్టరీలో ఉంటుంది. దానికి అచ్చు గుద్దినట్టుండే రెండోది కంప్యూటరులో ఉంటుంది. ఇద్దరూ ఎప్పటికప్పుడు ఒకరికొకరు కబురు చేసుకుంటూ ఉంటారు. నిజమైన దానికి వేడెక్కితే కంప్యూటరులోని దానికి తెలుస్తుంది. కంప్యూటరులోని దానికి ఒక ఉపాయం తోస్తే నిజమైనది దాన్ని అమలు చేస్తుంది.

కొందరు 1970 నాటి అపోలో 13 కథను దీనికి మొదలుగా చెబుతారు. చంద్రుడి దారిలో ఆక్సిజన్ ట్యాంకు పేలి ముగ్గురు వ్యోమగాములు ప్రమాదంలో పడ్డారు. భూమి మీద ఉన్న శిక్షణ నౌకలో కొత్త పద్ధతులు పరీక్షించి చూసి, అవి పనిచేస్తాయని తేలాకే పైవారికి చెప్పారు. వాళ్లు క్షేమంగా దిగారు. గొప్ప కథే, కాని దాన్ని డిజిటల్ కవల అనడానికి నాకు మనసొప్పదు. పైనున్న నౌకలో ఏం జరుగుతోందో ఆ శిక్షణ నౌకకు తనంతట తానుగా తెలిసేది కాదు. మనుషులు విని, మీటలు సర్ది, దాన్ని ఆ స్థితికి తెచ్చుకున్నారు.

ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని చాలా ముఖ్యం. ఫ్యాక్టరీ బొమ్మను కంప్యూటరులో గీసి పెట్టుకుంటే అది వట్టి నమూనా. అసలు ఫ్యాక్టరీ మారినా అది మారదు. యంత్రాలకు అమర్చిన గ్రాహకాలు, అంటే సెన్సార్లు, పంపే సమాచారంతో బొమ్మ కూడా మారుతూ ఉంటే అది నీడ. మనిషి కదిలితే నీడ కదులుతుంది. నీడ కదిలితే మనిషి కదలడు. కబురు రెండు వైపులా నడిచినప్పుడే అది కవల. ఈరోజు బజారులో డిజిటల్ కవల అని పేరు పెట్టి అమ్ముతున్న వాటిలో చాలా భాగం నమూనాలే, కాకుంటే నీడలు. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో వాటిలో కవల అంత.

మరి నిజమైన కవల ఉంటే లాభమేమిటి? ఒక్క మాటలో చెప్పాలంటే రిహార్సల్. నాటకం ఆడేవాళ్లు జనం ముందుకు వచ్చాక పద్యాలు వల్లించుకోరు గదా! వెల్డింగు చేసే రోబో చేతికి సాధారణంగా ఆరు కీళ్లుంటాయి. నాలుగు రోబోలు ఒకే కారు చుట్టూ నిలబడి పనిచేస్తుంటే, ఏ క్షణంలో ఎవరి మోచేయి ఎవరికి తగులుతుందో ఊహించడం మనిషి తరం కాదు. వెనకటి రోజుల్లో అయితే వరస ఆపి, రోబోలను మెల్లగా నడిపి, అంగుళం అంగుళం సరిచూసుకునేవారు. ఇప్పుడు కొత్త కారు వస్తోందంటే వరస తన పాత కారు బిగిస్తూనే ఉంటుంది. కవల మాత్రం కంప్యూటరులో కొత్త కారు బిగించి చూస్తుంది. మోచేతులు గుద్దుకుంటే అక్కడే గుద్దుకుంటాయి. విరిగేదేమీ లేదు.

యూరపులో హంగరీ దేశపు డెబ్రెట్సెన్ నగరం దగ్గర బి.ఎం.డబ్ల్యు. కంపెనీ కట్టిన ఫ్యాక్టరీ ఇంకో మెట్టు పైకెక్కింది. కంప్యూటరులో ఆ ఫ్యాక్టరీకి 2023 మార్చిలోనే 'ప్రారంభోత్సవం' అయిపోయింది. నేల మీది ఫ్యాక్టరీలో కార్ల తయారీ మొదలైంది 2025లో. ఇక హ్యుందాయ్ (కియాకు దగ్గరి చుట్టం, రెండూ ఒకే సంస్థల కూటమి) 2023 నవంబరులో సింగపూర్‌లోని జురాంగ్‌లో ఒక ఫ్యాక్టరీ ప్రారంభించింది. ఏడాదికి ముప్పై వేల విద్యుత్ కార్లు చేయగల చిన్న ఫ్యాక్టరీ. అందులో పొడుగాటి కదిలే వరసే పెట్టలేదు. వరసకు బదులు గదుల్లాంటి విడివిడి పని స్థలాలు పెట్టారు. కార్లను చిన్న బండ్లు తమంతట తామే ఒక స్థలం నుంచి ఇంకో స్థలానికి మోసుకుపోతాయి. ఏ కారు తర్వాత ఎక్కడికి పోవాలో కంప్యూటరులోని కవల చూసుకుంటుంది. పైకప్పు కిటికీ లేని కారు ఆ కిటికీ బిగించే చోటికి పోవలసిన పనే లేదు. పాత వరసలోనైతే తనకు పని లేకపోయినా ప్రతి కారూ ప్రతి చోటి ముందూ నిలబడి పోవలసిందే.

ఇదంతా బాగుంది. ఇక నాకున్న పేచీలు చెబుతాను.

మొదటిది కొలతల పేచీ. కంప్యూటరులోని రోబో చేయి సరిగ్గా రెండు మీటర్లు. దాని కీలు సరిగ్గా ముప్పై డిగ్రీలు తిరిగింది. నిజమైన రోబో కీలు అరిగి, ఒక డిగ్రీలో పదో వంతు తప్పు తిరిగిందనుకోండి. రెండు మీటర్ల చేతి చివర ఆ తప్పు ఎంతవుతుంది? మీ త్రికోణమితి పుస్తకం తీసి చూడండి. దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు. బోల్టు రంధ్రం తప్పడానికి అందులో సగం చాలు. ఇంకోటి: ఒక డిగ్రీ వేడెక్కితే ఉక్కు తన పొడవులో పది లక్షల వంతుల్లో సుమారు పన్నెండు వంతులు పెరుగుతుంది. పొద్దున్నా మిట్టమధ్యాహ్నమూ షెడ్డులో ఇరవై డిగ్రీల తేడా ఉంటే రెండు మీటర్ల ఉక్కు దూలం దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. పెనుకొండ ఎండల్లో పనిచేసే కవలకు పెనుకొండ ఎండ తెలిసి ఉండాలి. తెలియకపోతే అది కవల కాదు, కవల వేషం.

కంప్యూటరులో సరిపోయింది నేల మీద సరిపోకపోతే ఏమవుతుందో ఎయిర్‌బస్ కంపెనీ 2006లో కళ్లారా చూసింది. ఎ380 అనే రెండంతస్తుల పెద్ద విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల తీగలుంటాయి. జర్మనీలోని హాంబర్గులో ఉన్న ఇంజనీర్లు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ పాత కూర్పును వాడారు. ఫ్రాన్సులోని తులూజ్‌లో ఉన్నవారు కొత్త కూర్పును వాడారు. రెండింటి మధ్య లెక్కలు కుదరలేదు. తీరా బిగించబోతే తీగలు కొన్ని సెంటీమీటర్లు పొట్టివయ్యాయి! తీగలు లాగి, పీకి, మళ్లీ లాగారు. 2006లో ఇవ్వవలసిన మొదటి విమానం 2007 అక్టోబరులో గాని సింగపూర్ ఎయిర్‌లైన్స్ చేతికి రాలేదు. అంత పెద్ద కంపెనీలో, అంతమంది నేర్చినవాళ్ల మధ్య, తప్పు ఎవరి తెర మీదా కనబడలేదు. తీగ చేతబట్టుకుని బిగించబోయిన కార్మికుడికి కనబడింది.

అందుకే నా రెండో పేచీ మనుషుల గురించి. ఇదే పెద్దది.

ఫ్యాక్టరీని ఎలాగైనా వంచగలిగేటట్టు చేయాలంటే మనుషులను తీసేసి అంతా యంత్రాలతో నింపాలని కొందరి నమ్మకం. నిజం దానికి తిరకాసుగా ఉంది. టెస్లా కంపెనీ తన మోడల్ 3 కారు కోసం విపరీతంగా రోబోలు పెట్టి తల బొప్పి కట్టించుకుంది. అతిగా యంత్రాలు పెట్టడం పొరపాటేనని దాని అధినేత ఎలాన్ మస్క్ 2018 ఏప్రిల్‌లో బహిరంగంగా ఒప్పుకున్నాడు. మెత్తగా వేలాడే తీగను పట్టుకుని సందులోంచి దూర్చడం మీకు చిటికెలో పని, రోబోకు మాత్రం మహాయజ్ఞం. దీనికి చాలా ముందే, 1974లో, స్వీడన్‌లోని కాల్మర్‌లో వోల్వో కంపెనీ కదిలే వరస లేని కార్ల ఫ్యాక్టరీ పెట్టింది. బ్యాటరీ బండ్ల మీద కార్లు వచ్చేవి. చిన్న చిన్న బృందాలు కలిసి, తమ పని తామే పంచుకుని బిగించేవి. సింగపూర్ ఫ్యాక్టరీకి అది పెద్దన్న అనవచ్చు. ఆ ఫ్యాక్టరీని 1994లో మూసేశారు. అయినా, వరసను తెంచవచ్చు అనే ఊహ కవలల కంటే ముందు మనుషులను నమ్మినవారికి తట్టిందని మరవకూడదు.

కవలకు ఇంకో ముఖం ఉంది. యంత్రం ఎన్ని సెకన్లలో పని చేసిందో అది చూస్తుంది. మనిషి ఎన్ని సెకన్లలో చేశాడో కూడా చూడగలదు. స్పానరుకే గ్రాహకం ఉంటుంది మరి! ఏ బోల్టు ఎంత బలంతో ఎప్పుడు బిగిసిందో రాసుకుంటుంది. బోల్టు మంచికి అది మంచిదే. రేపు ఆ కారు బ్రేకు వదులైతే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. కాని అదే లెక్కతో, ఈ కార్మికుడు గ్లాసెడు మంచినీళ్లు తాగడానికి నలభై సెకన్లు తీసుకున్నాడని జీతం కోస్తే? ఇది నేను కల్పించిన భయం కాదు. నూరేళ్ల కిందట ఫ్రెడరిక్ టేలర్ అనే ఆయన ప్రతి పనినీ స్టాప్‌వాచీతో కొలిచే పద్ధతి తెచ్చాడు. 1911లో అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో ఆ వాచీకి విసిగి పోతపని కార్మికులు సమ్మె కట్టారు. ఆ వాచీ పట్టుకున్నవాడు సాయంత్రానికి అలసిపోయేవాడు. కవల అలసిపోదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది: కవల కొలవవలసింది పనిని, మనిషిని కాదు. ఏ చోట వంగి వంగి నడుము పడిపోతోందో, ఏ అల్మరా చేతికి అందకుండా ఉందో కవలలో ముందే చూసి సరిచేయవచ్చు. దానికోసం కంప్యూటరులో బొమ్మ మనుషులను కూడా నడిపిస్తారు. చక్కని ఉపయోగం. కాకపోతే ఆ బొమ్మ మనిషి ఎత్తు ఎవరి ఎత్తు? అయిదడుగుల అమ్మాయి అక్కడ నిలబడి పనిచేయవలసి ఉంటే, ఆరడుగుల బొమ్మను నిలబెట్టి అంతా అందుతోందనుకుంటే ఏం లాభం? ఈ ప్రశ్న అడగవలసింది ఆ అమ్మాయే. అడిగితే వినే ఏర్పాటు ఉండాలి. కవల తెర మేనేజరు గదిలోనే ఉంటే చాలదు, కార్మికులు పనిచేసే చోటా ఉండాలి. "ఇక్కడ నీ లెక్క తప్పు" అని దిద్దే హక్కు బోల్టు బిగించేవారికి ఉండాలి. ఎ380 తీగల సంగతి చూశాక ఇది దయాదాక్షిణ్యాల మాట కాదని, కంపెనీ డబ్బు మిగిలే మాటేనని ఒప్పుకుంటారనుకుంటాను. మీలో కొందరు రేపు ఐ.టి.ఐ.లోనో, పాలిటెక్నిక్‌లోనో చదివి శ్రీసిటీకో, జహీరాబాదుకో పనికి వెళతారు. ఆ తెర ముందు నిలబడేది మీరే.

మూడో పేచీ చిన్నది. ఇదంతా డబ్బున్న కంపెనీల భాగోతం. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాదు బాలానగర్‌లోనో నలుగురితో నడిచే షెడ్డుకు కవలను కొనే తాహతు ఎక్కడిది? వాళ్లు బెంగపడనక్కర లేదని నా ఉద్దేశం. షింగో ప్రెస్సు కథ గుర్తుంది గదా. కాగితం, పెన్సిలు, చేతి వాచీ ఉంటే కవల చేసే పనిలో చాలా భాగం ఈరోజే మొదలుపెట్టవచ్చు.

నమ్మకం కలగకపోతే మీ బడిలో మధ్యాహ్న భోజనం వడ్డించే వరస మీదే చేసి చూడండి. 240 మంది పిల్లలు. అన్నం పెట్టేవారికి ఒక్కొక్క పిల్లకు 6 సెకన్లు, పప్పుకు 4, కూరకు 10, గుడ్డుకు 2 సెకన్లు పడుతుందనుకుందాం. నలుగురు వడ్డిస్తున్నారు. మొత్తం ఎంతసేపు? నాలుగూ కూడకండి! వరస ఎప్పుడూ అందరికంటే నెమ్మదైనవారి వేగంతోనే నడుస్తుంది. కూర దగ్గర 10 సెకన్లు కాబట్టి 240×10 = 2,400 సెకన్లు, అంటే 40 నిమిషాలు. అన్నం పెట్టేవారిని తొందరపెడితే ఒక్క సెకను కూడా కలిసిరాదు. ఇప్పుడు పప్పూ గుడ్డూ ఒక్కరికే అప్పగించండి, 4+2 = 6 సెకన్లు. మిగిలిన మనిషిని కూర దగ్గర రెండోవారిగా పెట్టండి, అక్కడ సగటున 5 సెకన్లవుతుంది. ఇప్పుడు అందరికంటే నెమ్మది 6 సెకన్లు. 240×6 = 1,440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. అదే నలుగురు మనుషులు, అవే గరిటెలు! పులిహోర వండిన రోజున ఈ సెకన్లన్నీ మారిపోతాయి. అప్పుడు మనుషులను మళ్లీ పంచుకోవాలి.

ఇది వట్టి నమూనా. దీన్ని కవలకు దగ్గరగా తేవాలంటే వాచీ పట్టుకుని నిజమైన సెకన్లు కొలవండి, అయితే వడ్డించే అమ్మ అనుమతి తీసుకుని, ఆమెకు చూపిస్తూ కొలవండి. మీ లెక్కకూ నిజానికీ తేడా ఎందుకు వచ్చిందో ఆమెనే అడగండి. గరిటె చిన్నదంటుందో, ఒకటో తరగతి పిల్లలు కంచం వంచేస్తారంటుందో! తేడా ఎన్ని నిమిషాలు వచ్చిందో, ఆమె చెప్పిన కారణమేమిటో ఒక కార్డు మీద రాసి మన పత్రికకు పంపండి.